ఆగినచోట బరువు, నాలుగో గంటలో నొప్పి: వయసు పైబడ్డ రైడర్‌కి స్పోర్ట్ టూరర్ ఎంపిక

ముప్పై ఏళ్లుగా బైక్ నడుపుతున్నవాళ్లు కూడా కొత్త బండి చూసేటప్పుడు ఒక పొరపాటు చేస్తుంటారు. బాగా నడిచే బండిని ఎంచుకుంటారు. స్పోర్ట్ టూరర్, అంటే వేగానికీ దూర ప్రయాణానికీ తగ్గ బళ్ల తరగతిలో నడిచేటప్పుడు అన్నీ బాగానే నడుస్తాయి. 100 హార్స్‌పవర్ దాటిన ఇంజిన్, నమ్మదగ్గ బ్రేకులు, మలుపుల్లో నిలకడ ఇప్పుడు దాదాపు అన్నిటికీ ఉన్నవే. తేడా తెలిసేది రెండు చోట్ల. ఒకటి, బండి కదలకుండా ఉన్నప్పుడు. రెండోది, ప్రయాణం నాలుగో గంటలో పడ్డాక. యాభై అయిదు, అరవై దాటిన ఒంటికి ఇబ్బంది వచ్చేది ఆ రెండు చోట్లే. పావుగంట టెస్ట్ రైడ్‌లో కనపడనివి కూడా అవే.

ఒకే పేరు కింద ఉన్న ఈ బళ్ల బరువుల్లో చాలా తేడా ఉంది. పెట్రోలు, ఆయిల్ నింపి రోడ్డెక్కడానికి సిద్ధంగా ఉన్నప్పుడు యమహా ట్రేసర్ 9 జీటీ సుమారు 220 కిలోలు, సుజుకి జీఎస్‌ఎక్స్-ఎస్1000జీటీ 226, కవాసకి నింజా 1000ఎస్‌ఎక్స్ 235, హోండా ఎన్‌టీ1100 238, బీఎండబ్ల్యూ ఆర్1250ఆర్‌ఎస్ 243. అదే ఇంజిన్‌తో వచ్చే ఆర్1250ఆర్‌టీ 279. షాఫ్ట్ డ్రైవ్‌తో (చైన్ బదులు ఇనుప కడ్డీ వెనక చక్రాన్ని తిప్పే పద్ధతి) వచ్చిన పాత తరం పెద్ద బళ్లు, అంటే యమహా ఎఫ్‌జేఆర్1300, కవాసకి 1400జీటీఆర్, హోండా ఎస్‌టీ1300, సుమారు 290 నుంచి 330 దాకా ఉంటాయి. ఆరు సిలిండర్ల బీఎండబ్ల్యూ కే1600జీటీ 340 దగ్గర. చివరిదానికీ మొదటిదానికీ మధ్య తేడా నిండుగా ఉన్న ఒక మనిషి బరువుకంటే ఎక్కువ.

కోణం పెరిగితే బరువు ఎంత

నిట్టనిలువుగా ఉన్న బండిని చిటికెన వేలితో ఆపవచ్చు. చేతిమీద భారం పడేది అది ఒరిగినప్పుడు. గరిమనాభి, అంటే బండి బరువంతా కేంద్రీకృతమైనట్టుండే బిందువు, నేలకు 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుని, పక్కన నిలబడి మీటరు ఎత్తులో ఉన్న హ్యాండిల్ పట్టుకున్నారనుకుందాం. 280 కిలోల బండి 5 డిగ్రీలు ఒరిగితే చేతిమీద పడే భారం 15 కిలోలు. 10 డిగ్రీలకు 29. 20 డిగ్రీలకు 57. అదే 220 కిలోల బండి అయితే 10 డిగ్రీల దగ్గర 23, 20 డిగ్రీల దగ్గర 45. ముప్పై ఏళ్ల వయసులో 20 డిగ్రీల దాకా పోనిచ్చి వెనక్కి లాగిన నడుము అరవైలో 10 దగ్గరే హెచ్చరిస్తుంది. చేతిలోని నేర్పు తగ్గిందని కాదు, ఆ నేర్పుకి దొరికే సందు చిన్నదైంది. 25 లీటర్ల ట్యాంకు నిండా ఉంటే దాదాపు 19 కిలోలు ఈ లెక్కలో పైభాగాన చేరతాయి. అందుకే పెద్ద టూరర్లను కొనే ముందు ట్యాంకు నిండుగా ఉన్నప్పుడే తోసి చూడాలి. షోరూంలో ట్యాంకు సాధారణంగా అడుగంటే ఉంటుంది.

అనుభవజ్ఞుల బళ్లు ఎక్కువగా పడేది వేగంలో కాదు. పార్కింగ్‌లో, పెట్రోలు బంకులో, సగంలో ఆపిన యూటర్న్‌లో పడతాయి. కారణాలు కూడా దాదాపు ఒకటే రకం. హ్యాండిల్ ఒక పక్కకి పూర్తిగా తిరిగి ఉండగా ముందు బ్రేకు నొక్కడం, కాలు పెట్టినచోట కంకర లేదా పల్లం ఉండటం, ముందు చక్రం వాలువైపు ఉండేలా ఆపి తర్వాత వెనక్కి లాగలేకపోవడం. వందకు 10 వాలులో 280 కిలోల బండిని వెనక్కి జరపాలంటే 28 కిలోల తోపు కావాలి. సీటు మీద కూర్చుని మునివేళ్లతో నేలను తన్ని ఆ బలం తేవడం ఎవరివల్లా కాదు. బండి దిగి, సీటుకి తుంటి ఆనించి తోయడమే మార్గం. కే1600 లాంటి బళ్లకు రివర్స్ ఇచ్చింది విలాసం కోసం కాదు.

పడిన బండిని లేపగలగడం కూడా ఎంపికలో భాగమే. ఇంజిన్ ఆపి గేరులో వేయాలి. కుడివైపు పడితే ముందే సైడ్ స్టాండ్ తెరిచి పెట్టాలి, లేదంటే లేపిన బండి అవతలికి పడుతుంది. హ్యాండిల్‌ని నేలవైపు పూర్తిగా తిప్పాలి. సీటుకి పిరుదులు ఆనించి గొంతుక్కూర్చోవాలి. ఒక చేత్తో కింది హ్యాండిల్ చివర, ఇంకో చేత్తో వెనక పట్టుకమ్మి పట్టుకుని, వీపు నిటారుగా ఉంచి, కాళ్లతో వెనక్కి చిన్న చిన్న అడుగులు వేయాలి. సైడ్ బాక్సులున్న బండి వాటిమీద, ఇంజిన్ గార్డు మీద ఆగి సగం ఒరిగే పడుతుంది కాబట్టి లేపడం తేలిక. ఏమీ లేని తేలిక బండి పూర్తిగా చదునుగా పడుకుంటుంది. 226 కిలోల బండి కంటే గార్డులున్న 279 కిలోల బండి ఒక్కోసారి సులువుగా లేస్తుంది. బాక్సులు విరిగే అవకాశం మాత్రం ఎప్పుడూ ఉంటుంది.

సీటు ఎత్తు అనే మాయ

ఈ బళ్లకు సీటు ఎత్తు ఎక్కువగా 805 నుంచి 835 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ఆ అంకె ఒక్కటే చూసి తీర్మానించడం తప్పు. సీటు ముందు భాగం ఎంత వెడల్పుగా ఉంటే కాలు అంత దూరంగా తిరిగి కిందికి రావాలి. ఇరుకు సీటున్న 825 మీద రెండు పాదాల ముందుభాగం ఆనుతుంది. వెడల్పు సీటున్న 805 మీద మునివేళ్లే ఆనవచ్చు. రెండు పాదాల ముందుభాగం గట్టిగా ఆనితే చాలు. మడమ కూడా ఆనాలని పట్టుబడితే మోకాలు నష్టపోతుంది.

ఎందుకంటే సీటుకీ ఫుట్‌పెగ్‌కీ (పాదం ఆనించే కమ్మికీ) మధ్య దూరమే మోకాలు ఎంత మడవాలో నిర్ణయిస్తుంది. సీటు 20 మిల్లీమీటర్లు దించితే ఆ దూరం కూడా 20 తగ్గుతుంది. ట్రాఫిక్‌లో కాలు ఆనిన సుఖం రెండు నిమిషాలది, మోకాలు మడిచి కూర్చున్న బాధ మూడు గంటలది. మోకాలి చిప్ప అరిగినవాళ్లకు ఎత్తయిన సీటు, మందం అడుగున్న బూట్లు మంచి కలయిక. బూటు అడుగు ఒక సెంటీమీటరు మందంగా ఉంటే నేల అంతే దగ్గరవుతుంది. పెగ్ దగ్గర మాత్రం ఆ సెంటీమీటరు మోకాలినుంచే పోతుంది కాబట్టి అంతకు మించి పోకూడదు.

వెనక సస్పెన్షన్ లింకులు మార్చి బండినే దించే పద్ధతి ఇంకోటుంది. చాలామంది చెప్పనిది ఏమిటంటే, బండి కిందికి వచ్చినా సైడ్ స్టాండ్ పొడవు అలాగే ఉంటుంది. దాంతో స్టాండ్ వేసినప్పుడు బండి ముందుకంటే నిటారుగా నిలబడుతుంది. కుడివైపు కాస్త వాలున్న నేల తగిలినా అటే పడిపోతుంది. స్టాండ్‌ను కూడా కోసి అతికించాలి, ముందు ఫోర్కులను అదే నిష్పత్తిలో దించాలి. లేకపోతే హ్యాండిల్ బద్ధకంగా తిరుగుతుంది. ఇంత పని చేయించడం కంటే వేరే బండి చూసుకోవడం మంచిది.

ఎక్కడం దిగడం మరో పరీక్ష. టాప్ బాక్స్ ఉన్న బండిమీదికి కాలు వెనకనుంచి తిప్పి వేయడానికి తుంటి బాగా తెరుచుకోవాలి. తుంటి పట్టేసినవాళ్లు బండిని గేరులో ఉంచి, ఎడమ పెగ్ మీద నిలబడి గుర్రం ఎక్కినట్టు ఎక్కుతారు. ఇది పనిచేస్తుంది. కానీ మనిషి బరువంతా సైడ్ స్టాండ్ మీద, అది బిగించిన బోల్టు మీద పడుతుంది. కొన్ని మాన్యువల్స్ దీన్ని వద్దంటాయి. కొనే ముందు చూసుకోవాలి. టాప్ బాక్స్ లేకుండా, సైడ్ బాక్సులతోనే సరిపెట్టుకోవడం తుంటికీ మేలు, బండికీ మేలు. వెనక ఇరుసుకి అవతల, ఎత్తులో పెట్టిన బరువు వేగంలో ముందు చక్రాన్ని తేలిక చేసి హ్యాండిల్‌ని ఊపుతుంది. అందుకే ఆ పెట్టెలకు చాలాచోట్ల 5 కిలోల పరిమితే ఉంటుంది.

గాలి, మణికట్టు, కళ్లద్దాలు

వేగం గంటకు 80 కిలోమీటర్ల నుంచి 110కి పెరిగితే గాలి తాకిడి దాదాపు రెట్టింపవుతుంది. ఆ తాకిడి మొత్తం శత్రువు కాదు. కొద్దిగా ముందుకు వంగి కూర్చునే బండిమీద ఛాతీకి తగిలే గాలి పైశరీరం బరువును కొంత మోస్తుంది. ఆ బండికి ఎత్తయిన విండ్‌స్క్రీన్ బిగిస్తే ఛాతీ ముందు గాలి ఆగిపోతుంది. అప్పటిదాకా గాలి మోసిన బరువు మణికట్టు మీదికి దిగుతుంది. "స్క్రీన్ మార్చాక చేతులు నొప్పెడుతున్నాయి" అనే ఫిర్యాదుకు ఇదే మూలం. పెద్ద స్క్రీన్ కావాలంటే నిటారుగా కూర్చునే బండి కావాలి. వంగే బండి ఇష్టమైతే స్క్రీన్ చిన్నదే నయం.

స్క్రీన్ పైఅంచు ముక్కు ఎత్తుకి వచ్చి, చూపు దాని మీదినుంచి పోవడం సరైన కొలత. అంచు సరిగ్గా కనుచూపుకి అడ్డొస్తే వాన పడిన రాత్రి ఏమీ కనపడదు. హెల్మెట్ గడగడలాడుతుంటే స్క్రీన్ ఇంకా పెంచాలనే అనుకుంటారు. చాలాసార్లు దించితేనే పోతుంది, ఎందుకంటే సుడి తగిలేది అంచు దాటిన గాలిలోనే. పరీక్ష సులువు: సమవేగంలో వెళుతూ 5 సెంటీమీటర్లు నిటారుగా లేచి, మళ్లీ అంతే కిందికి వంగి వినాలి. ఎటు పోతే శబ్దం తగ్గిందో స్క్రీన్ ఎటు మార్చాలో అదే చెబుతుంది. చెవిలో ప్లగ్గులు ఎలాగూ తప్పవు. వయసుతో తగ్గిన వినికిడి తిరిగి రాదు, గాలి హోరు ఉన్నదాన్ని కూడా తీసుకుపోతుంది.

హ్యాండిల్ ఎత్తడానికి 20 నుంచి 30 మిల్లీమీటర్ల రైజర్లు దొరుకుతాయి. బిగించాక హ్యాండిల్‌ని రెండు చివర్లకూ పూర్తిగా తిప్పి బ్రేకు గొట్టం, క్లచ్ కేబుల్, వైర్లు ఎక్కడా లాగబడటం లేదని చూడాలి. ఇంజిన్ ఆడుతుండగా తిప్పినప్పుడు ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకుంటోందని అర్థం. అలా నడపకూడదు.

కళ్ల విషయం బండి సమీక్షల్లో రాదు. ప్రోగ్రెసివ్ కళ్లద్దాల కింది భాగం సుమారు 40 సెంటీమీటర్ల దూరం చదవడానికి, పైభాగం దూరానికి. బండి డిస్‌ప్లే ఉండేది 60 నుంచి 70 సెంటీమీటర్లలో, రెంటికీ మధ్యన. చిన్న అక్షరాలతో కిక్కిరిసిన తెర అక్కడ మసకగా కనిపించవచ్చు. స్పీడు, గేరు పెద్దగా చూపే డిస్‌ప్లే, అదీ పైకి అమర్చింది ఉన్న బండిని వెతకాలి. ముందుకు వంగే బండిలో మరో చిక్కు: తల వంగి ఉండటంవల్ల చూపు కళ్లద్దాల పైఅంచులోంచి, ఒక్కోసారి ఫ్రేము మీదినుంచి పోతుంది. దానికోసం తల ఎత్తి ఉంచితే నాలుగో గంటలో మెడ పట్టేస్తుంది. టెస్ట్ రైడ్‌కి రోజూ పెట్టుకునే కళ్లద్దాలతోనే వెళ్లాలి.

ఇంజిన్ ఎంపికలో హార్స్‌పవర్ కంటే కంపనం ముఖ్యం. నాలుగు సిలిండర్ల ఇంజిన్ సాఫీగానే ఉంటుంది. కానీ కొన్నిటిలో ఒక ఆర్పీఎం దగ్గర సన్నని జివ్వుమనే కంపనం హ్యాండిల్‌లోకి వస్తుంది. రైడర్ రోజంతా వెళ్లే వేగం సరిగ్గా ఆ ఆర్పీఎం మీద పడితే గంటలో వేళ్లు మొద్దుబారతాయి. ట్విన్‌లో (రెండు సిలిండర్ల ఇంజిన్‌లో) అదురు పెద్దదిగా, నిదానంగా ఉంటుంది. వేళ్లను అంతగా ఏడిపించదు. చేతి నరాల ఇబ్బంది ముందే ఉన్నవాళ్లు తాము వాడే వేగంలో పై గేరులో ఏకధాటిగా 20 నిమిషాలు నడిపి, ఆపిన వెంటనే చొక్కా బొత్తాం పెట్టుకోగలరో లేదో చూసుకోవాలి. క్రూజ్ కంట్రోల్ (యాక్సిలరేటర్ పట్టుకోకుండానే వేగాన్ని నిలిపి ఉంచేది) ఉంటే కుడి మణికట్టుకి మధ్యమధ్యలో విశ్రాంతి దొరుకుతుంది. ఈ వయసులో ఏదైనా ఎలక్ట్రానిక్స్ తప్పనిసరి అనాలంటే మలుపులో కూడా పనిచేసే ఏబీఎస్ (బ్రేకు గట్టిగా నొక్కినా చక్రం బిగుసుకోకుండా చూసే వ్యవస్థ) తర్వాత స్థానం దీనిదే. అలాంటి ఏబీఎస్ మొదట వచ్చింది 2014 మోడల్ కేటీఎం 1190 అడ్వెంచర్‌లో. అంతకు ముందు నేర్చుకున్నవాళ్ల చేతికి, చక్రం జారుతుందన్న భయంతో బ్రేకును సగంలో వదిలే అలవాటు ఉండిపోతుంది. కొత్త బండి కొన్నాక ఖాళీ స్థలంలో ఏబీఎస్ కొట్టుకునేదాకా నొక్కి ఆ అలవాటు వదిలించుకోవాలి.

ఎడమ బొటనవేలి మొదలులో కీళ్లనొప్పి ఉంటే క్లచ్ సంగతి ముందే తేల్చుకోవాలి. స్లిపర్ అసిస్ట్ క్లచ్ ఉన్న బండి లీవరు చాలా తేలిక. లీవరే వద్దనుకుంటే హోండా డీసీటీ (క్లచ్‌ని బండే వేసి తీసే గేరు పెట్టె) 2010 నుంచి ఉంది. ఎన్‌టీ1100కి అది చేరిస్తే బరువు 248 అవుతుంది. అదే పని చేసే యమహా వై-ఏఎంటీ, బీఎండబ్ల్యూ ఏఎస్‌ఏ ఈమధ్య వచ్చినవి. వీటితో ఒక మెలిక ఉంది. మెల్లగా యూటర్న్ తీసుకునేటప్పుడు పాత రైడర్ చెయ్యి సగం క్లచ్ మీద ఉంటుంది, ఇక్కడ ఆ లీవరు లేదు. మధ్యలో యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేస్తే ఆ వేగంలో క్లచ్ విడిపోతుంది, చక్రానికి లాగుడు ఆగుతుంది, బండి లోపలికి ఒరిగిపోతుంది. యాక్సిలరేటర్ కొద్దిగా తెరిచే ఉంచి, వేగాన్ని వెనక బ్రేకుతో అదుపు చేయడం కొత్తగా నేర్చుకోవాలి. ముప్పై ఏళ్ల అలవాటు మారడానికి ఒక వారం సాధన పడుతుంది. ఆ వారం సామాను కట్టకుండా నడపడం మేలు.

బరువు కట్టాక బండి వేరు

మోయగల బరువు అంటే అనుమతించిన మొత్తం బరువులోంచి బండి బరువు తీసేయగా మిగిలింది. ఆర్1250ఆర్‌టీకి 505 లోంచి 279 పోతే 226 కిలోలు. ఎక్కువ అనిపిస్తుంది. రైడర్ 85, ఆయన జాకెట్, హెల్మెట్, బూట్లు 10, వెనక కూర్చునేవారు జాకెట్, హెల్మెట్‌తో కలిపి 73, సైడ్ బాక్సుల్లో సామాను 20, టాప్ బాక్స్ సామానుతో కలిపి 10. అప్పుడే 198. తేలిక బళ్లకు ఈ పరిమితి ఇంకా తక్కువ. జంటగా తిరిగేవాళ్లు ముందు ఈ లెక్క వేసి, తర్వాతే రంగు చూడాలి.

ఆ బరువుకి స్ప్రింగ్ సర్దడం అందరూ వదిలేసే పని. బండిని సెంటర్ స్టాండ్ మీద వేసి, వెనక చక్రం గాలిలో ఉండగా ఇరుసు నుంచి నేరుగా పైన ఉన్న ఒక గుర్తుదాకా కొలవాలి. అది 612 మిల్లీమీటర్లు అనుకుందాం. తర్వాత బండి దించి, జాకెట్, హెల్మెట్, బూట్లు అన్నీ వేసుకుని కూర్చుని ఇంకొకరిచేత మళ్లీ కొలిపించాలి. 560 వస్తే 52 దిగినట్టు. ఉండాల్సింది 35 నుంచి 40. ప్రీలోడ్ (స్ప్రింగ్‌ను ముందే నొక్కి ఉంచే బిగింపు) పెంచుతూ అక్కడికి తేవాలి. తర్వాత మనిషి దిగి, బండి ఒక్కటే తన బరువుకి ఎంత దిగుతుందో చూడాలి. 10 నుంచి 15 మధ్య ఉంటే స్ప్రింగ్ సరైనదే. అసలు దిగకపోతే మెత్తని స్ప్రింగ్‌ని బలవంతంగా నొక్కి ఉంచినట్టు, మార్చాల్సిందే. వెనక ఎక్కువ దిగిన బండికి హెడ్‌లైట్ ఆకాశం చూస్తుంది, మలుపులో బండి బయటికి లాగుతుంది, సైడ్ స్టాండ్ మీద నిటారుగా నిలిచి పడబోతుంది. ఎలక్ట్రానిక్ సస్పెన్షన్ అని రాసినంత మాత్రాన ఇదంతా అదే చూసుకుంటుందని నమ్మకూడదు. కొన్నిటిలో అది డ్యాంపింగ్ (స్ప్రింగ్ ఊపును అణచడం) వరకే, ప్రీలోడ్ చేత్తో తిప్పుకోవాల్సిందే.

చైన్ మంచిదా, షాఫ్ట్ మంచిదా అనే వాదన పాతదే. ఒంటి దృష్టితో చూస్తే ప్రశ్న మారుతుంది: 2,500 కిలోమీటర్ల ప్రయాణంలో నాలుగైదుసార్లు నేలమీద మోకాళ్లూని చైన్‌కి ఆయిల్ పట్టించగలరా? పట్టించగలిగితే చైన్ బండి సాధారణంగా తేలిక. సెంటర్ స్టాండ్ ఉంటే ఆ పని అయిదు నిమిషాలు. కానీ ఈ తరగతిలో కొన్నిటికి ఎగ్జాస్ట్ పెట్టె అడుగున ఉండటంవల్ల సెంటర్ స్టాండ్ బిగించే చోటే ఉండదు. ముందే అడగాలి. ఉన్నదాన్ని వేసేటప్పుడు బండిని ఎత్తకూడదు. స్టాండ్ రెండు కాళ్లూ నేలకు ఆనాయని తెలిసేదాకా పాదంతో నొక్కి, అప్పుడు ఒళ్లంతా ఆ పాదం మీద నిలబెడితే బండి తనే వెనక్కి లేస్తుంది. చేతులు దారి చూపడానికే.

పెట్రోలు ట్యాంకు గురించి పెద్దగా చెప్పేది లేదు. 18, 20 లీటర్లతో 350 కిలోమీటర్లు పోవచ్చు. ఈ వయసులో నడుము, మూత్రాశయం అంతకు చాలా ముందే ఆపమంటాయి.

టెస్ట్ రైడ్ గంటకు తగ్గకూడదు. మొదటి 20 నిమిషాలు ఏ సీటైనా మెత్తగానే ఉంటుంది. బయల్దేరే ముందు బండిని పక్కన నిలబడి పార్కింగ్‌లోంచి వెనక్కి తోయాలి, సెంటర్ స్టాండ్ వేసి దించాలి. కాస్త ఎత్తుగా ఉన్న రోడ్డుమీద ఆపి, మళ్లీ కదలాలి. రెండు వరుసల రోడ్డులో కాలు దించకుండా యూటర్న్ రెండువైపులా తీసుకోవాలి, అందులోనూ కుడివైపు బెరుకు ఎక్కువ. చివరికి బండి దిగి పది అడుగులు నడవాలి. ఆ పది అడుగుల్లో తుంటి పట్టేస్తే ఆ బండి పెగ్‌లు, సీటు ఆ ఒంటికి కుదరలేదన్నమాట.

పాతది కొనేవాళ్లకు ఇంకొన్ని. టైరు పక్కగోడ మీద నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. 3519 అంటే 2019లో 35వ వారం, గాడి ఎంత లోతున్నా ఆ రబ్బరు గట్టిపడి ఉంటుంది. తక్కువ తిరిగిన పెద్ద టూరర్లలో ఇదే సాధారణంగా కనిపించే లోపం. ముందు చక్రం గాలిలో ఉంచి హ్యాండిల్‌ని మెల్లగా తిప్పితే మధ్యలో గుంటలో పడినట్టు ఆగకూడదు. వెనక చక్రాన్ని పైన, కింద పట్టుకుని ఊపితే కదలిక తెలియకూడదు, షాఫ్ట్ బండికి ఇది మరీ ముఖ్యం. వాల్వ్ క్లియరెన్స్ (ఇంజిన్ వాల్వులకు ఉండాల్సిన సన్నని సందు) ఎప్పుడు చూశారో కాగితం అడగాలి. బీఎండబ్ల్యూ ఆర్1250 బాక్సర్‌కి ప్రతి 20,000 కిలోమీటర్లకు చూడాలి, సిలిండర్లు బయటికే ఉంటాయి కాబట్టి పని తేలిక. యమహా మూడు సిలిండర్లకు 40,000 దాకా అక్కర్లేదు. కానీ ఆ రోజు ట్యాంకుతో సహా పైభాగం విప్పాలి. బ్యాటరీ వోల్టేజీ ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.6 దగ్గర, 4,000 ఆర్పీఎంలో 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. హీటెడ్ గ్రిప్పులు, హీటెడ్ జాకెట్ రెండూ వేసి ఇదే కొలత మళ్లీ తీయాలి. 13 కిందికి జారితే చలిలో వేళ్లు వెచ్చగానే ఉంటాయి, రెండోసారి ఆపిన చోట బండి మాత్రం స్టార్ట్ కాదు.